పాప పేరు రాయొద్దు

ప్రొద్దుటూరు,
3 జూలై 2025.

నారాయణా,

ఫోన్లుండగా ఈ ఉత్తరమేందని కవరు చూసి నవ్వుకుంటావు, తెలుసు. నవ్వడం అయిపోయినాక గది తలుపు గడియ పెట్టుకొని చదువు. నీ ఫోను ఎప్పుడు మోగినా స్పీకరు పెట్టే ఎత్తుతావు. నేను "ఏరా, తిన్నావా" అంటే నీ హాల్లో కాఫీ తాగేవాళ్ళంతా "తిన్న్యాడక్కా" అని జవాబిస్తారు. వాట్సాప్ పంపుదామంటే దాన్ని నీకు చదివి వినిపించేది నీ పార్టీ పిల్లోడు. నువ్వు ఒక్కడివే చదవాల్సిన మాట చేరాలంటే ఈ కాలంలో కూడా పోస్టుమాను తప్ప దిక్కు లేకపోయింది.

మన నరేష్ కూతురి సంగతి. పేరు రాయడం లేదు. నీ జవాబులో నువ్వూ రాయొద్దు. పాప అంటే చాలు, నా కొడుకు కూతురైనా నీకు ఉన్న మనవరాలు అదొక్కతే.

బడి తెరిచినప్పటి నుంచీ పాప అన్నం సరిగా తినడం లేదు. ప్రసూన కోడలు కదా, నా వంట తేడా అనుకున్నదేమో గానీ నోరు తెరిచి అనలేదు. నరేష్ తొమ్మిదో తరగతి లెక్కల దిగులన్నాడు. నేను ఏమనుకున్నానో ఇప్పుడు అనవసరం, ముగ్గురమూ తప్పే. మొన్న మిద్దె మీద వడియాలు పెడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. "జేజీ, నువ్వు సోషల్ టీచరువు గదా. ఒక మనిషి చెయ్యని పని చేసినట్టు ఫోటో తయారుచేస్తే శిక్ష ఎవరికి పడతాది? చేసినోళ్ళకా, ఫోటోలో ఉన్నోళ్ళకా?" అని అడిగింది. పిండి గిన్నె పక్కన పెట్టి, ఎవరి ఫోటో అని అడిగినాను.

శిల్ప అని ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయం చేసుకుందంట. తనూ తొమ్మిదో తరగతే అందంట. నెల రోజులు మాట్లాడినాక తెలిసింది, అది శిల్పా కాదు, ఆడపిల్లా కాదు. పాప ముఖానికి ఎవరిదో ఒళ్ళు తగిలించి చూడరాని బొమ్మ ఒకటి తయారుచేసి పంపినాడు. నిజం ఫోటోలు నువ్వే తీసి పంపు, లేకపోతే ఈ బొమ్మ మీ బడిలో అందరికీ పంపుతానన్నాడు. పాప పంపలేదు నారాయణా. భయంతో తిండి మానేసింది గానీ పంపలేదు. మన ఇంట్లో పెద్దవాళ్ళందరికీ లేని గట్టితనం దానికి ఉంది.

నరేష్ ముద్దనూరు కరెంటు ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చి, సంగతి విని, ఆ ఫోను తీసుకుపోయి పెన్నలో పారేస్తానన్నాడు. ఇంజనీరు చదివించినాము వాణ్ణి. "అది సాక్ష్యంరా" అని లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేసినాను. నేనూ ప్రసూనా స్టేషనుకు పోయినాము. ఏ స్టేషనో రాయను. ఒకాయన కుర్చీలో వెనక్కి వాలి, "పెద్దమ్మా, పాపకు ఫోనెందుకిచ్చినారు?" అన్నాడు.

"మా ఇంట్లో దొంగలు పడితే బీరువా ఎందుకు కొన్నారని అడుగుతావా నాయనా?" అన్నాను.

ఇది మా పరిధి కాదు, కడపలో సైబరు వాళ్ళుంటారు, ఆడికి పోండి అన్నాడు. పరిధి ఎవరిదైనా ముందు ఫిర్యాదు రాసుకొని తర్వాత వాళ్ళకు పంపాలని చట్టంలో ఉంది, చదువుకోలేదా అన్నాను. నా గొంతు విని లోపలి నుంచి ఎస్ఐ వచ్చింది. రిహానా అని, ముప్పై ఏండ్లుంటాయి. అరవకుండా వినింది. ఒక్క మాటకే నాకు నచ్చింది: "పాపను ఇక్కడికి తీసుకు రావద్దండీ, నేనే వస్తాను" అనింది.

నీకు చెప్పడానికి ఒకటే కారణం. మేలో పాప ఓణీల ఫంక్షను ఫోటోలన్నీ నీ ఫేస్‌బుక్ పేజీలో ఉన్నాయి. వాటిని తీయించు. ఎందుకని అడిగితే నీ పార్టీ పిల్లోడికి ఏదో ఒకటి చెప్పు, అబద్ధాలు నీకు నేను నేర్పాల్సిన పని లేదు. ఇంకేమీ చెయ్యొద్దు. ఎవరికీ చెప్పొద్దు. ఇంకేమీ అంటే ఇంకేమీ.

నా మోకాలి నొప్పి ఇంకా నాతోనే ఉంది.

నీ అక్క,
నిర్మల

*

తొండూరు,
6 జూలై.

అక్కా,

గడియ పెట్టుకొనే చదివినా. చదివినాంక బయటికి రాబుద్ది కాలే. గదిలోనే అటూ ఇటూ తిరుగుతాంటే మీ మరదలు, కడుపునొప్పా అని వాము నీళ్ళు తెచ్చె. తాగినా. ఏం చెప్పేది మల్ల.

మన ఇంటి పిల్లకా అక్కా! ఈ చుట్టుపక్కల మన మాట కాదన్యోడు ఉండాడా? వాడెవడో నాకు తెలిసిపాయె. ఫంక్షను వీడియో తీసింది ఎవురు? జమ్మలమడుగు స్టూడియో జాకీర్ గాదా? పిల్ల మొగం వాని దెగ్గర గాక ఇంగెవని దెగ్గర ఉంటాది? మనోళ్ళు రెండు బండ్లలో పోయినారు. అడిగేదానికే పోయినారు, కొట్టేదానికి గాదు. ఒక అద్దం పగిలిందంట. వాడు తలుపు బిన్నా, పిలిచిన ఎంటనే తీసింటే అదీ పగిలేది గాదు.

ఇంగ పోలీసులను పిలిచి ఇంటి సంగతి నడీదిలో పెట్టేదెందుకు? నేను ఎన్ని పంచాయితీలు చేసినా, ఎన్ని కాపురాలు నిలబెట్టినా నీకు తెల్దా? వాన్ని పట్టుకొచ్చి మన వాకిట్లో కూర్చోబెట్టి, పెద్దమనుషుల ముందర కాళ్ళు పట్టించి, ఊరు వదిలి పొమ్మంటే ఒక పూటలో అయిపాయె. కేసూ గీసూ అంటే పిల్లకు రేపు సమ్మందాలు యాడ వస్తాయి?

సరే, కేసు పెట్టినావు, పెట్టినావు. ఆ ఫోటో నాకు పంపు. నేను పైనోళ్ళకు చూపించి గట్టిగా చెప్పిస్తా. చూపించకుండా ఏమని చెప్పేది? నువ్వు పంపనంటే మాత్రం, దాంట్లో మన పిల్ల తప్పు ఏందో ఉండాది, అక్క దాస్తాంది అనే అనుకుంటా. ఉన్న మాట చెప్పినా, కోపం చేసుకోవద్దు.

పేజీలో ఫోటోలు తీస్తే బాగుండదు. వాటికి శానామంది పెద్దోళ్ళు లైకులు కొట్టినారు. తీస్తే వాళ్ళను అవమానించినట్ల ఉంటాది. మనమేందో తప్పు చేసినట్ల కూడా ఉంటాది.

చీనీ చెట్లు ఈసారి బాగుండాయి. పాపకు కాయలు పంపుతా. బాగా తినమని చెప్పు.

నీ తమ్ముడు,
నారాయణ

*

ప్రొద్దుటూరు,
10 జూలై.

నారాయణా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినాను. చదివిన కొద్దీ నీకు అక్షరాలు దిద్దబెట్టింది నేనే అనే సంగతి గుర్తుకొచ్చి సిగ్గు వేసింది.

జాకీర్ సంగతి మొదలు. నీ బండ్లు పోకముందే ఆ పిల్లోడు స్టూడియో పేజీలో పెట్టిన వీడియోను తీసేసినాడు. నేను ఫోను చేసి ఒక్క మాట చెప్పినాను, కారణం కూడా అడగలేదు. మరుసటి రోజు వాళ్ళమ్మ బిస్మిల్లా బీని వెంటబెట్టుకొని వచ్చి, ఫంక్షనుది మెమరీ కార్డు మా చేతిలోనే పెట్టిపోయినాడు. "మీ పాప, మా పాప వేరేనా అమ్మా" అని ఆమె మా గుమ్మంలోనే కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ ఇంటి మీదికి నువ్వు రెండు బండ్లు పంపినావు. పోయి అద్దం వేయించు. వేయించి, నీ నోటితో నువ్వే తప్పయిందని చెప్పు. మనిషిని పంపి చెప్పించడం కాదు.

ఫోటో పంపను. ఎందుకో రాస్తాను, రెండుసార్లు చదువు. అట్లాంటి బొమ్మను దగ్గర పెట్టుకోవడం, ఒకరికి పంపడం నేరం. చేసినవాడు పంపినా నేరమే, న్యాయం కోసమని తాత పంపినా నేరమే. ఐటీ చట్టంలో ఉంది, పోక్సోలో ఉంది. బొమ్మ కల్పించిందైనా సరే. అది పోలీసులకు మాత్రమే చేరింది, అక్కడే ఆగింది. నువ్వు పైనోళ్ళకు చూపిస్తే, వాళ్ళు వాళ్ళ పైనోళ్ళకు చూపిస్తే, వాడు బెదిరించిన పనిని మనమే వాడికి చేసిపెట్టినట్టు. పాప తప్పు ఉందని దాస్తున్నానా! ఆ మాట ఇంకోసారి రాస్తే నీ ఉత్తరం విప్పకుండా తిరిగి వస్తుంది.

పంచాయితీ కూడా కుదరదు. పిల్లల మీద ఇట్లాంటిది జరిగిందని తెలిసి చెప్పకపోతే తెలిసినవాడి మీద కేసు. ఇప్పుడు నీకు తెలుసు. వాకిట్లో కూర్చోబెట్టి రాజీ చేస్తే ఆ పెద్దమనుషులందరినీ వరసగా జీపెక్కిస్తారు, ముందు సీటు నీదే.

ఇక్కడి పనులు నా ఓపికను తింటున్నాయి. ప్రభుత్వం వెబ్‌సైటులో కూడా నమోదు చేస్తే మంచిదన్నారు. కూర్చున్నాను. దానికి ఓటీపీ నరేష్ ఫోనుకు పోతుంది. నరేష్ ఫోను ప్లాంటు గేటు దగ్గర లాకర్లో ఉంటుంది, లోపలికి తీసుకుపోనివ్వరు. మూడుసార్లు చేసినాను, మూడుసార్లూ "మీ సమయం ముగిసింది" అని వచ్చింది. అరవైతొమ్మిదేండ్ల మనిషికి ఆ మాట చెప్పే తీరు అదేనా? బడిలో హెడ్‌మాస్టరు ఇంకొకడు. ఎవరి సంగతో చెప్పకుండా పిల్లలను హెచ్చరించమని పోలీసులు అంటే, ప్రార్థనలో అరగంట ఉపన్యాసం దంచినాడంట, ఆడపిల్లలు ఫోటోలు దిగొద్దని. దిగిన ఫోటో కాదు కదా ఇది! మగపిల్లలు పంపొద్దని ఒక్క వాక్యం చెప్పడానికి ఆయనకు టైము చాలలేదు. కడపలో ఫైలుకు కాళ్ళు రావాలంటే అడిగేవాళ్ళుండాలి నారాయణా, లేకపోతే అక్కడే నిద్రపోతుంది.

ఒక్క రిహానా మాత్రం చెప్పినట్టే వచ్చింది. యూనిఫాం లేదు, సల్వారు కమీజు వేసుకొని స్కూటీ మీద. పక్కింటోళ్ళు నరేష్‌తో పని చేసే అమ్మాయి అనుకున్నారు. పాపతో మిద్దె మీద కూర్చొని ముందు ఏవో సినిమాల సంగతులు మాట్లాడి, తర్వాత అసలు సంగతికి వచ్చింది. పాప కొంచెం చెప్పింది, కొంచెం మిగుల్చుకుంది. మిగిలింది మేజిస్ట్రేటమ్మ ముందర చెప్తే చాలంట. "నా పేరు బయటికి రాదు గదా మేడం?" అని పాప రెండుసార్లు అడిగింది. "రాదు, అది చట్టం" అని ఆమె మాట ఇచ్చింది. ఆ మాట మీదనే పాప నోరు విప్పింది. గుర్తు పెట్టుకో.

ఇప్పుడు నీకు కష్టమైన మాట. ఆ బొమ్మలో పాప భుజం మీద ఒక మగ చెయ్యి మిగిలిపోయింది, వాడు కత్తిరించడం మరిచినట్టుంది. ఎస్ఐ మాకు ఆ చెయ్యి వరకే చూపించి "ఎవరిదో గుర్తుపడతారా" అంది. పగడం ఉంగరం. నారాయణా, అది నీ చెయ్యి. పాపను దీవిస్తున్నప్పుడు నీ పార్టీ పిల్లోడు ఫోనులో తీసిన ఫోటో. జాకీర్ కెమెరా అటువైపు లేనే లేదు. నీ పేజీలో తప్ప ఆ ఫోటో భూమి మీద ఇంకెక్కడా లేదు. కింద ఏం రాయించినావో చూసుకో: పాప పేరు, ఏ బడి, ఏ తరగతి, ఏ ఊరు. ఆ దుర్మార్గుడికి ఇంకేం కావాలి? శుభలేఖ ఇచ్చి పిలిచినట్టుంది.

తీయించు. లైకులు కొట్టిన పెద్దోళ్ళకు నేను క్షమాపణ రాసి పంపుతాను.

నిర్మల

*

తొండూరు,
14 జూలై.

అక్కా,

తీసేసినా. పార్టీ పిల్లోని పక్కన కూర్చోబెట్టుకొని ఒగటొగటి తీయించినా. వాడు ఎందుకన్నా అంటే, నోరు మూసుకొని తీయ్‌రా అంటి.

ఆ ఉంగరం తీసి డ్రాయర్లో పెట్టినా. దీవించేదానికి పెట్టిన చెయ్యి అక్కా. ఇట్ల అయితాదని ఎవనికి తెలుసు? బువ్వ నోట్లోకి పోవడం లే.

జమ్మలమడుగు పోయినా. నేనొక్కన్నే. జాకీర్ అమ్మ నన్ను కూర్చోమని టీ ఇచ్చె. ఆమె ఒక్క మాట తిట్టింటే బాగుండు. అద్దం వేయించినా.

నువ్వు రాసింది బాగా ఆలోచించినా. అడిగేవాళ్ళు లేకపోతే ఫైలు నిద్రపోతాదని రాసినావు గదా. నీ మనసులో మాట అర్థమయింది. అన్నీ నువ్వే మోస్తాండావు, తమ్ముడు ఉండీ ఏం లాభమని నోరు తెరిచి అనలేక అట్ల రాసినావు. నా చెయ్యి వల్ల వచ్చింది, నేనే పోగొడతా. అడిగేవాళ్ళు ఎట్లుంటారో రేపు అందరూ చూస్తారు. నువ్వు నిశ్చింతగా పండుకో.

చీనీకాయలు బస్సుకు వేసినా, బస్టాండులో తీసుకో.

నారాయణ

*

ప్రొద్దుటూరు,
19 జూలై.

నారాయణా,

కాయలు అందినాయి. వాటితో పాటు పన్నెండడుగుల ఫ్లెక్సీ కూడా అందింది.

బస్టాండు ఎదురుగా ఒకటి, మా వీధి మొగదల ఒకటి, నీ పులివెందులలో ఇంకొకటి అంట. నేను కర్ర పట్టుకొని పోయి చూసినాను. పైన మీ నాయకుల తలకాయలు వరసగా. నడిమధ్య చేతులు జోడించి నువ్వు, దూలమంత. ఆ పక్కన పాప ఫోటో, ఓణీ నాటిదే. "చిన్నారికి న్యాయం జరగాలి" అని, చిన్నారి పేరుతో సహా. కింద "ఇట్లు" అని నీ పిలకాయల పేర్లు, పాప పేరు కంటే పెద్ద అక్షరాల్లో.

న్యాయం అడిగేవాడు నేరం చేసినవాడి ముఖం వెయ్యాలి. అది దొరకలేదని దొరికిన ముఖం వేసినావా? నేను ఫైలు గురించి విసుక్కుంటే ఫ్లెక్సీ కట్టమని అర్థమా? నేను జ్వరమొచ్చిందని రాసింటే బ్యాండు మేళం పంపేవాడివేమో!

పోక్సో చట్టం ఇరవైమూడో సెక్షను. పిల్ల పేరు, ఫోటో, ఇల్లు, బడి, కుటుంబం, ఆనవాలు దొరికేది ఏదీ బయట పెట్టగూడదు. పెట్టినవాడికి జైలు. వాడు పెడితే అని లేదు, ఎవరు పెట్టినా అని ఉంది. ఆ చట్టం రాసినవాళ్ళు కూడా ఇంటి తాతే పన్నెండడుగుల ఎత్తున కడతాడని అనుకొని ఉండరు.

పాప బడి నుంచి ఆటోలో వస్తూ చూసింది. ఆటోలో పిల్లలందరూ ముందు ఫ్లెక్సీని చూసినారు, తర్వాత తిరిగి దాని ముఖం చూసినారు. ఎవరూ ఏమీ అనలేదంట. సందు మొగదల్లోనే దిగేసి నడిచి ఇంటికి వచ్చింది. బ్యాగు కూడా దించకుండా, "నేను మేజిస్ట్రేటుకు చెప్పను. పోలీసు మేడంకు చెప్పను. ఎవరికీ చెప్పను" అంది. "పేరు రాదన్నారు. వచ్చింది" అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు ఏదో ఒకటి చెప్పేదానికి వచ్చేది.

ప్రసూన దాన్ని తీసుకొని జమ్మలమడుగులో పుట్టింటికి పోయింది. బడి మానేసినట్టే.

పోలీసులు ఆ శిల్పను పట్టుకున్నారు, నీకు తెలియాలి. నలభై దాటిన మగవాడు, వేరే రాష్ట్రం. వాడి కంప్యూటరులో ఇట్లా చాలామంది పిల్లల బొమ్మలు ఉన్నాయంట. ఆ పిల్లలెవరో, ఎక్కడి వాళ్ళో తెలియదు. నోరు విప్పి చెప్పింది ఇంతవరకు మన పాప ఒక్కతే. అది మేజిస్ట్రేటు ముందర చెప్పకపోతే కేసుకు బలం పోతుంది, వాడు బెయిలు మీద బయటికొచ్చి మళ్ళీ ఇంకో పేరు పెట్టుకుంటాడు అని రిహానా చెప్పింది. పాపను బలవంతం చెయ్యను, చెయ్యగూడదు అని కూడా చెప్పింది. ఫ్లెక్సీ చూసినప్పుడు ఆ అమ్మాయి ముఖం నువ్వు చూసి ఉండాల్సింది. మాట ఇచ్చింది ఆమె, తప్పించింది నువ్వు.

ఫ్లెక్సీల గురించి నీ మీద ఫిర్యాదు రాసిచ్చినాను, నా సంతకంతో. నీ అక్క రాసిందని నీకు వాళ్ళు చెప్పేలోపల నేనే చెప్తున్నాను. మూడూ దించి, స్టేషనుకు పోయి కట్టింది నేనే అని ఒప్పుకో. నీ పిలకాయల్లో ఒకణ్ణి ముందుకు తోస్తే మాత్రం ఆ రెండో ఫిర్యాదు కూడా నేనే రాస్తాను.

నిర్మల

*

తొండూరు,
23 జూలై.

అక్కకు,

మూడూ దించినా. పిలకాయలు మేం దించుతామన్నారు, వద్దంటి. నిచ్చెన నేనే ఎక్కినా. కింద నిలబడుకోని ఒకడు, "అన్నా, నీ బొమ్మ చినగకుండా సూడన్నా, మల్ల పనికొస్తాది" అంటాడు. వాని నెత్తిన వేద్దామనిపిచ్చె. బస్టాండు కాడ అవతలి పార్టీవాడు ఒకడు నవ్వి ఫోటో తీసుకున్యాడు. తీసుకోనీ, దాంట్లో పిల్ల మొగం కనపడకుండా మడిచి పట్టుకున్యా.

ఆ చుట్టలు ఆటోలో ఏసుకొని స్టేషనుకు పోయినా. ఎప్పుడూ నాకు అక్కడ కుర్చీ ముందే వేస్తారు, ఈసారి బెంచీ మీద కూర్చోమన్నారు. ఆ రిహానా అమ్మాయి పిలిచె.

"ఎన్ని కట్టినారు సార్?" అనె.

"మూడు."

"ఎందుకు కట్టినారు?"

"న్యాయం కోసరం."

"పాపను అడిగినారా?"

అక్కా, నేను ఎన్ని పంచాయితీలు చేసినా. ఇంత చిన్న ప్రశ్న నన్ను ఎవురూ అడగలే. పిల్లను అడిగేదేంది, మనం చూసుకుంటాం గదా అనుకున్యా. అడగలేదమ్మా అంటి. ఆ అమ్మాయి కోప్పడలే, రాసుకుంది. నా మీద కేసు కట్టింది. ఫ్లెక్సీలు సాక్ష్యమని తీసిపెట్టుకుంది. సంతకం చేసి వచ్చినా.

ఇంటికొచ్చినాంక కోపం వచ్చె, అబద్ధం చెప్పను. సొంత అక్క తమ్ముని మీద! ఒక మాట ఫోను చేసి తిట్టింటే దించేటోన్ని గాదా? స్పీకరు లేకుండా ఎత్తేటోన్ని. మీ మరదలు రెండు రోజులు నీ పేరెత్తితే వంటింట్లోకి పోయె. ఇప్పుడు ఆమే అంటాంది, వదినె పెట్టకపోతే నువ్వు ఇంగో మూడు కట్టేటోనివి అని. అదీ నిజమే.

నా కేసు ఎట్ల పోతే అట్ల పోనీ. నాకు ఒగటే తెలియాల. పాప చెప్తుందా? చెప్పిందా? ఏం చెప్పింది? ఎవరిని పక్కన పెట్టుకున్యది? నా మీద ఏమన్నా అనిందా, తాత ఎందుకిట్ల చేసె అనిందా? మంచిదైనా చెడ్డదైనా ఒక్క ముక్క దాయొద్దు, అంతా రాయి. ఈడ కూర్చొని నాకు పిచ్చి పట్టేటట్లుండాది.

నారాయణ

*

జమ్మలమడుగు,
4 ఆగస్టు 2025.

నారాయణా,

చెప్పింది.

అంతవరకే రాయడానికి నాకు అనుమతి ఉంది. ఎందుకు అంతేనో మాత్రం రాస్తాను, దానికీ అడిగి ఒప్పించుకున్నాను.

నేను ఇక్కడికి, ప్రసూన పుట్టింటికి వచ్చి వారం దాటింది. వచ్చిన మొదటి రెండు రోజులు పాప నాతో మాట్లాడలేదు. మూడో నాడు నేనూ అదీ వరండాలో శనక్కాయలు వలుస్తుంటే, తల ఎత్తకుండా అడిగింది.

"జేజీ, నా సంగతి ఎవరెవరికి తెలుసు?"

"మీ అమ్మకు, మీ నాయనకు, నాకు, రిహానా మేడంకు. తాతకు."

"ఫ్లెక్సీ కట్టకముందే తాతకు తెలుసా?"

"తెలుసు."

"ఎవరు చెప్పినారు?"

"నేనే. ఉత్తరం రాసినా."

"ఏమేమి రాసినావు?"

పిల్లకు అబద్ధం చెప్పడమెందుకని అన్నీ చెప్పినాను. అన్నం మానిందని రాసినాను. వడియాల దగ్గర నన్ను ఏం అడిగిందో, మాటకు మాట రాసినాను. వాడు ఏం పంపినాడో, ఏం అడిగినాడో రాసినాను. ఎస్ఐతో ఏమనిందో, ఆటోలో పిల్లలు ఎట్లా చూసినారో రాసినాను. చెప్తుంటే నాకే ఎక్కువైనట్టు అనిపించింది. అయినా నేను నేనే కదా, సమర్థించుకున్నాను. "నీ పేరు మాత్రం ఎక్కడా రాయలేదమ్మా" అన్నాను.

"పేరు రాయకపోతే నేనని తాతకు తెల్దా?" అంది.

ఇంకో శనక్కాయ వలిచి, "తాత ఒక్క ఫోటో కట్టినాడు. నువ్వు అన్నీ రాసినావు" అంది.

నారాయణా, నాకు సెక్షన్లు నోటికి వస్తాయి. ఆ మాటకు ఏ సెక్షనూ గుర్తుకు రాలేదు. నిన్ను ఎస్ఐ అడిగిందంటివే, పాపను అడిగినారా అని, నన్ను అట్లా అడగడానికి ఎవరూ లేకపోయినారు. నీకు బెంచీ అన్నా దొరికింది.

కోపంతో లేచిపోతుందేమో అనుకున్నాను. పోలేదు. చేటలో పొట్టు చెరిగింది. తర్వాత తనే బేరం పెట్టింది. మేజిస్ట్రేటుకు చెప్తానంది, వేరే పిల్లలు ఉన్నారు కాబట్టి. చెప్పినాక ఇంట్లో ఎవరూ తనను అడగగూడదు. తెలిసినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోగూడదు. ఆ గదిలో ఏం చెప్పిందో ఆ గదిలోనే ఉండాలి. పక్కన ఎవరిని కూర్చోబెట్టుకోవాలో పిల్లే చెప్పవచ్చని చట్టంలో ఉంది, చెప్పింది. ఎవరో రాయను. నేనా కాదా అనేది కూడా రాయను. నువ్వు అడిగితే నీకూ నాకూ ఉత్తరాలు బందు.

(ఇక్కడ రెండు వరుసలు నల్ల సిరాతో కొట్టేసి ఉన్నాయి.)

నీ మీద ఫిర్యాదు వెనక్కి తీసుకోను. వాయిదాకు పోయేటప్పుడు బండ్లు, మనుషులు వద్దు. ఉతికిన చొక్కా వేసుకొని బస్సులో పో.

పాప నిన్ను చూడడానికి వస్తుందా రాదా, నీ మీద కోపముందా పోయిందా, అది తను చెప్పాల్సిన మాట. చెప్పినప్పుడు వింటాం. నాకు తెలిసినా నేను చెప్పను, అంత మాత్రం ఇప్పుడు నేర్చుకున్నాను. బడి మాత్రం మారుస్తున్నాము. ఏ బడో, ఏ ఊరో ఈ కాగితం మీద పెట్టడం లేదు.

నేను నీకు రాసిన మూడు ఉత్తరాలు కవర్లో పెట్టి రిజిస్టరు పోస్టులో తిరిగి పంపు. పాపకు ఇస్తాను. ఉంచుకుంటుందో, పొయ్యిలో వేస్తుందో, దాని ఇష్టం. అవి దానివి.

ఈ ఉత్తరం అంటించేలోపల దానికి చదవడానికి ఇచ్చినాను. మొత్తం చదివి, పెన్ను అడిగింది. మధ్యలో నల్లగా కనిపించేది నా చెయ్యి కాదు, దానిది. వెలుతురుకు పట్టి చూడబోకు.

అక్క,
నిర్మల